ఇంటి అంకె

గోడ మీది పెద్ద తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతూనే ఉంది, తిరగనీ, ఎంతసేపు తిరుగుతుందో తిరగనీ అనుకుంది రమాదేవి, అనుకుంటూనే దాన్ని తిట్టుకుంది కూడా, ఎందుకంటే అది ఆగితే అప్పలకొండ మొహం కనబడుతుంది, పంతొమ్మిది రోజులైంది మొగుడి మొహం చూసి, కానీ అది ఆగితే ఆ ప్రశ్న కూడా వస్తుంది, ముప్పై ఒక్క చుక్కల ప్రశ్న, దానికి జవాబు ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు, ఒకడు ఆ చక్రం వెనకాల ఏ గదిలోనో ఉన్నాడు, రెండోది ఇక్కడ ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ చుట్టుకుని, ఎదురుగా పెట్టిన బిస్కెట్ల ప్లేటు వైపు చూడకుండా కూర్చుంది. పదింటికి కాల్ అన్నారు. గడియారం పదీ ఆరు చూపిస్తోంది. “కనెక్షన్ కలుస్తోంది, దో మినిట్ దీదీ,” అన్నాడు ఆఫీసు తరఫున కూర్చున్న శ్రీహర్ష, మూడోసారి. ఆయన తండ్రి శ్రీకాకుళం నుంచి ఈ దీవికి మాస్టారుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడట, తెలుగు బాగానే వచ్చు, అయినా ఆఫీసు కుర్చీలో కూర్చుంటే హిందీయే వస్తుంది ఆయన నోటికి. కిటికీలోంచి మిన్నీ బే వైపు నీళ్ళు తగరపు రేకులా మెరుస్తున్నాయి. చూడ్డానికి ఎంత మంచిదానిలా ఉందో ఈ సముద్రం, ఏమీ ఎరగనట్టు!

అమ్మకి ఈ చక్రం కూడా లేదు. నాన్న అప్పలరాముడి వేట పడవ, డొంగీ, గాలివానకి కొట్టుకుపోయి అవతలి ఒడ్డున తేలిందని ఓడ దిగిన ఎవరో చెప్పారు, చూశానని కాదు, విన్నానని. తమ వేటగాళ్ళ పేట జంగ్లీఘాట్‌లో ఆ దేశం పేరు ఎవరూ పలకరు, పలికితే పిలిచినట్టవుతుందట, అవతలి ఒడ్డు అంటారంతే. అప్పుడు రమాదేవికి తొమ్మిదేళ్ళు. అమ్మ బేబీరాణి సోమవారం సోమవారం తలంటుకుని, ఉన్న ఒక్క మంచి చీరా కట్టుకుని, కూతుర్ని రెక్క పట్టుకుని ఆఫీసుకి వెళ్ళేది, అక్కడ గోవిందరాజులు గారని ఒక గుమస్తా కళ్ళద్దాల పైనుంచి చూసి, కాగితం ఢిల్లీ వెళ్ళిందమ్మా అనేవాడు, తర్వాత కొన్ని నెలలు, ఢిల్లీ నుంచి బయల్దేరిందమ్మా అనేవాడు, ఆ కాగితం తన కాళ్ళతో నడుస్తున్నట్టే ఊహించుకునేది రమాదేవి, పాపం ఎంత అలిసిపోయిందో, ఏ చెట్టు కింద పడుకుందో అని. ఢిల్లీ వాళ్ళు ఆ దేశంలో మన రాయబార కార్యాలయానికి రాయాలి, వాళ్ళు ఆ దేశపు పెద్దలకి మహా మర్యాదగా రాయాలి, ఆ పెద్దలు కిందికి రాయాలి, కింద జైల్లో నాన్న. పద్నాలుగు నెలలకి ఒక మధ్యాహ్నం నాన్నే నడిచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, తల నెరిసి, నవ్వితే పక్క పళ్ళు లేకుండా. ఆయనొచ్చిన మూడు నెలలకి సర్కారు ఉత్తరం వచ్చింది, శ్రీ అప్పలరాముడు ప్రాణాలతో ఉన్నట్లు ధ్రువీకరించడమైనది అని. దాన్ని సంతకం పెట్టి తీసుకున్నది నాన్నే. పడీ పడీ నవ్వాడు, తర్వాత పటం కట్టించి దేవుడి ఫొటోల పక్కన పెట్టాడు, అందరికీ చూపించేవాడు, ఇదిగో నేను బతికే ఉన్నానని సర్కారు ఒప్పుకుంది అని. అమ్మ మాత్రం ఆ పటం వైపు ఎప్పుడూ నవ్వుతూ చూడలేదు.

ఇప్పుడు అన్నీ పరుగులే. ఆరో రోజుకే తెలిసిపోయింది. పిల్ల ప్రత్యూష ఫోన్‌కి ముక్కూ మొహం తెలియని నెంబరు నుంచి వీడియో, జెట్టీ మీద అయిదుగురు మగాళ్ళు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వరసగా కూర్చున్నారు, చుట్టూ తుపాకులు, మూడోవాడు అప్పలకొండ. మొహం స్పష్టంగా లేదు, చిరిగిన నీలం బనీను చూసి గుర్తుపట్టింది, ఆ చిరుగు కుడతానని నెల్లాళ్ళుగా అంటున్నది తనే, కుట్టనందుకు మొదటిసారి సంతోషించింది. సముద్రం అడుగున ఇంటర్నెట్ వైరు వేయకముందు ఇక్కడ ఒక్క ఫొటో తెరుచుకునేలోగా టీ చల్లారిపోయేది, ఇప్పుడు మొగుణ్ణి పట్టుకున్న వీడియో వంటింట్లో నిలబడి మూడుసార్లు చూసింది. ప్రత్యూష దాన్ని అక్కడి మన రాయబార కార్యాలయం పేజీ కింద పెట్టి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసింది, ఆ సాయంత్రమే అక్కణ్ణుంచి అపర్ణ అనే ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. మంచి పిల్ల, ఎప్పుడూ ఏదో తింటూ మాట్లాడుతుంది, పాపం తీరిక ఉండదేమో. ఇంజను చెడి, ఆసరా లేక, మూడు రోజులు నీటి ఉరవడికి కొట్టుకుపోయి రెండు దేశాల నీళ్ళ మధ్య గీత దాటారు, ఇలాంటివి మాట్లాడి వదిలేయడం మామూలే దీదీ అంది. ఆ దేశపు ఆఫీసరూ తానూ ఒకే గ్రూపులో ఉన్నామంది, పొద్దున్నే ఆయన రోజాపువ్వు బొమ్మతో గుడ్ మార్నింగ్ పెడతాడట, ఈవిడ తిరిగి మందారం పెడుతుందట. రెండు దేశాలు అలా మాట్లాడుకుంటాయని విని రమాదేవి నోరు తెరిచింది. “పహలే ఒక ఉత్తరానికీ ఇంకో ఉత్తరానికీ మధ్య ఆలోచించుకోడానికి టైమ్ ఉండేది దీదీ,” అంది అపర్ణ, “ఇప్పుడు ఆయన నా మెసేజ్ చూశాడని నాకు తెలుసు, నేను చూశానని ఆయనకి తెలుసు, వెంటనే ఏదో ఒకటి చెప్పాలి.” ఈలోగా ఆ వీడియోనే అక్కడి టీవీల్లో వేసి చేపల దొంగలు అన్నారట. ఒక్క ఫోన్ వార్తా తెచ్చింది, నిందా తెచ్చింది.

అయినా ఇరుక్కున్నది వీడియో వల్ల కాదు, అప్పలకొండ ఫోన్ వల్ల. దాన్ని వాళ్ళ పెద్ద ఊరికి పంపి తెరిపించారు, అందులోని సముద్రపు పటంలో ముప్పై ఒక్క చుక్కలు కనబడ్డాయి, ముప్పై ఒక్కటీ గీత అవతల, వాళ్ళ నీళ్ళలో. ఇది కొట్టుకొచ్చిన బోటు కాదు, ఏళ్ళ తరబడి దొంగచాటుగా వస్తున్న బోటు అన్నారు. నిన్న అపర్ణ ఫోన్‌లో తినడం మానేసి అడిగింది, ఆయన నోరు విప్పడం లేదు, ఆ చుక్కలేమిటి దీదీ అని. తెలీదంది తను. చక్కగా, అదురూ బెదురూ లేకుండా, తెలీదంది. ఫోన్ స్పీకర్లో ఉంది, చుట్టూ వేటగాళ్ళ సంఘం మనుషులు ఉన్నారు, ఇంకేమంటుంది? తర్వాత గిన్నెలు తోముతూ, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ, నేనేం చేశాను దేవుడా అని ఏడ్చింది.

పార దొరకడం అంటే మాటలా? నీటి అడుగున రాతిగుట్ట ఉంటుంది, అదే పార, దాని చుట్టూ కోనాం చేప తిరుగుతుంది, పైనుంచి చూస్తే అంతా ఒకే నీలం. మామగారి కాలంలో ఒడ్డు మీది రెండు కొండలు ఎలా కలుస్తాయో చూసి గుర్తుపెట్టుకునేవారు, ఆ గుర్తు తలలోనే ఉండేది, తలని ఎవరూ తొంగి చూడలేరు కదా. పార ఉన్నచోట చుక్క పెట్టుకునే జీపీఎస్ పెట్టెలు, తర్వాత ఫోన్లు వచ్చాక తొంగి చూడ్డం మొదలైంది. టీ కొట్టు దగ్గర బల్ల మీద పెట్టి చెయ్యి కడుక్కునేలోగా పక్కవాడు చుక్కలన్నీ ఎత్తుకుపోతాడు. అందుకని జంగ్లీఘాట్ మగాళ్ళందరూ ఒక తెలివి కనిపెట్టారు, చుక్కని ఉన్నచోట పెట్టరు, ఒక అంకె కలిపి జరిపి పెడతారు, సముద్రం మీద దూరానికీ నిమిషాలే లెక్క, ఎన్ని నిమిషాలు జరిపారో అదే ఇంటి అంకె. ఎవరింటిది వాళ్ళది. అన్నదమ్ములకి చెప్పరు, బోటులో పనిచేసేవాళ్ళకి చెప్పరు, భార్యకి మాత్రం చెబుతారు, అదీ బిడ్డ పుట్టాక. ప్రత్యూష పుట్టిన రోజు ఆసుపత్రిలో అప్పలకొండ మంచం పక్కకి వంగి, పిల్లని ముద్దుపెట్టుకుంటాడేమో అనుకుంటే తన చెవిలో, “ఒలే, పదేడు. తూరుపుకి పదేడు,” అన్నాడు. ఆ రోజు తేదీ పదిహేడు. తన పెళ్ళినాడు కూడా అంత పెళ్ళాంలా అనిపించలేదు రమాదేవికి. పదిహేడు నిమిషాలు తూర్పుకి జరిపితే ముప్పై కిలోమీటర్లు, ఆ ముప్పై కిలోమీటర్లూ వెళ్ళి సరిగ్గా ఎవరి నీళ్ళలో పడుతున్నాయో చూసుకోవాలని ఆ మహానుభావుడికి తట్టలేదు! దొంగలు రాకుండా తాళం వేసి, తాళంచెవి ఠాణాలో పారేసినట్టు చేశాడు. చెబితే వస్తాడు. చెబితే ముప్పై ఒక్క పారలూ పోతాయి, పద్దెనిమిదేళ్ళ వెతుకులాట, మామగారివి నాలుగు కూడా అందులో ఉన్నాయి. వచ్చాక ఏం పట్టుకు తింటాం? రానీ ముందు. వచ్చి, పదేడు చెప్పేశావా అని మొహం తిప్పుకుంటే? రానీ, తిప్పుకోనీ, తిప్పుకోడానికి మొహం ఇక్కడ ఉండాలి కదా.

పైగా మూడు కుర్చీల అవతల దేవేంద్ర ఉన్నాడు. వేటగాళ్ళ సంఘానికి ప్రెసిడెంటు, బోటు మనదేనని సంతకం పెట్టాలి గనక ఆఫీసువాళ్ళే పిలిచారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. అప్పలకొండతో బావా అంటే బావా అనుకునే మనిషి, రెండేళ్ళుగా మాటల్లేవు, ఆ టీ కొట్టు దగ్గర ఫోన్ తొంగి చూసినవాడు ఈయనే. అప్పలకొండ అంకె కలపలేదనుకున్నాడో ఏమో, మర్నాడు మూడు డొంగీలు వేసుకుని ఆ చోటుకి పోయి, ఏమీ లేక, వట్టి చేతులతో తిరిగొచ్చాడు, జంగ్లీఘాట్ అంతా నెల్లాళ్ళు నవ్వింది. చెప్పాల్సొస్తే ఈ మనిషి ముందే చెప్పాలా? బయటికి వెళ్ళమని అడగనా? ప్రెసిడెంటుని గదిలోంచి ఎలా పొమ్మంటాం? ఆయన బిస్కెట్టు తీసుకున్నాడు, కొరకలేదు, చేతిలోనే పట్టుకున్నాడు.

చక్రం ఆగింది. తెర నాలుగు గళ్ళయింది. ఒక దాంట్లో అపర్ణ, ఇన్నాళ్ళూ గొంతే, ఇంత చిన్నపిల్లా? ఒక దాంట్లో భుజాల మీద చుక్కలున్న ఆఫీసరు, నున్నటి తల, రోజాపువ్వులు పెట్టేది ఈయనే కాబోలు. మూడోదాంట్లో ఖాళీ కుర్చీ. నాలుగోదాంట్లో తామే, ఈ గదే, ఎవరో ముసలమ్మ కొంగు చుట్టుకుని కూర్చుంది అనుకుంది, అది తనే. ఆఫీసరు మాట్లాడుతుంటే కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడుతున్నాయి, మనిషి కాదు, యంత్రమే తర్జుమా చేస్తోందట, శ్రీహర్ష చదివి తెలుగులో చెబుతున్నాడు. ఎవరూ కేకలేయలేదు. ఆయన ఒక పటం పెట్టాడు, ముప్పై ఒక్క ఎర్ర చుక్కలు, గీత అవతల, దద్దుర్లలా. “ఈ చుక్కల గురించి బోటు యజమాని ఇంట్లోవాళ్ళకి ఏమైనా తెలుసా అని అడుగుతున్నారమ్మా,” అన్నాడు శ్రీహర్ష. ఖాళీ కుర్చీ వైపు చూసింది రమాదేవి. ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోతే. సోమవారం సోమవారం తలంటుకుని తను. రెక్క పట్టుకోడానికి ప్రత్యూష. పటం కట్టించిన ఉత్తరం. అమ్మ ఎందుకు నవ్వలేదో ఇప్పుడు తెలిసింది, పద్నాలుగు నెలలు తను చచ్చి బతికిన సంగతి ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.

“తెలుసు,” అంది. “నిన్న అబద్దమాడినాను మేడం, మాఫ్ కరో. ఆ సుక్కలు అక్కడియి కావు. పదేడు నిమిసాలు తూరుపుకి జరిపి పెట్టినాడు. పదేడు తీసీండి.” అంతే, అయిపోయింది, పద్దెనిమిదేళ్ళు దాచింది ఒక్క ఊపిరిలో పోయింది, ఒళ్ళు తేలికైంది, అప్పుడే బిడ్డని కన్నట్టు. దేవేంద్ర వైపు చూడలేదు. శ్రీహర్ష ఇంగ్లీషులో చెప్పాడు, ఎందుకు జరుపుతారో, ఎవరి కళ్ళు పడకుండా జరుపుతారో. ఆఫీసరు పటం మళ్ళీ చూసి ఏదో అన్నాడు. తర్వాత అక్షరాలు నెమ్మదిగా పరిగెత్తాయి. మంచి కథే, కానీ ఈ అంకె ఈ వారం అల్లింది కాదని ఎలా నమ్మమంటారు? అపర్ణ కలం నోట్లో పెట్టుకుంది. నమ్మించడానికి ఏముంది? ఆసుపత్రి మంచానికి సాక్ష్యం ఎవరు, అప్పుడే పుట్టిన పిల్ల తప్ప?

కుర్చీ కిర్రుమంది. “సార్,” అన్నాడు దేవేంద్ర. చేతిలోని బిస్కెట్టు జేబులో వేసుకుని అదే జేబులోంచి ఫోన్ తీశాడు, కళ్ళద్దాలు పెట్టుకుని వేలితో పైకి జరుపుతూ పోయాడు, ఈ ఏడాది, పోయినేడాది, పెళ్ళి ఫొటోలు, వాన కబుర్లు, అన్నీ జరిగిపోతున్నాయి, చివరికి ఆగి, ఒకసారి గొంతు సవరించుకుని నొక్కాడు. సంఘం గ్రూపులో రెండేళ్ళ కిందటి ఆయన గొంతే, వెనకాల గాలి హోరు. “ఒరే, ఈ అప్పలకొండగాడి ఫోన్లో సూసిన సోటికి మూడు డొంగీలు ఏసుకొచ్చినాం రా. నూట యాబై బారల తాడు దించినా అడుగు తగల్లేదు. రాయి నేదు, సేప నేదు. డీజిలంతా నీల్లపాలు. అవతలి గీత కూడా దాటీసినాం, ఇప్పుడే సూసుకున్నాం. ఆడు కనబడితే సెప్పండి, ఆడి సంగతి సూత్తాను!” దాని కింద నలభై నవ్వు మొహాలు, తేదీతో సహా. యంత్రం ఒక్క అక్షరం కూడా రాయలేక ఊరుకుంది. శ్రీహర్షే చెవులెర్రబడి ఇంగ్లీషు చేశాడు, గీత దాటిన ముక్క దగ్గర ఆగి దేవేంద్ర వైపు చూశాడు. “సెప్పండి సార్, అదీ సెప్పండి,” అన్నాడు దేవేంద్ర. “ఆ సోటు మీ పటంలోనూ ఉంటాది, సూసుకోమనండి.” అంటే ఈ మనిషి, ఇస్త్రీ చొక్కాతో, తన పరువు తనే తీసుకోవడమే కాక, మేమూ మీ నీళ్ళలోకి వచ్చామని వాళ్ళ ఆఫీసరు మొహం మీదే ఒప్పుకుంటున్నాడు, అప్పలకొండ కోసం.

ఆఫీసరు కళ్ళు చిన్నవి చేశాడు. మీరు కూడా మా నీళ్ళలో వేటాడారన్నమాట, అని అక్షరాలు. “ఏటాడినాం సార్, ఒక్క సేప దొరకలేదు,” అన్నాడు దేవేంద్ర. అది ఇంగ్లీషై, అక్కడి భాషై చేరింది. అప్పుడు నున్నటి తల వెనక్కి వాలింది, ఆఫీసరు నవ్వాడు, పెద్దగా, భుజాల మీది చుక్కలన్నీ ఊగేలా, అపర్ణ నవ్వు ఆపుకోలేక మైకు కట్టేసుకుంది. ఒక్క చేపా పట్టని కేసు నేనెలా రాయను అన్నాడట. మా ఊళ్ళో మా బాబాయి కూడా ఇలాగే వలల దగ్గర అబద్ధాలు చెప్పేవాడు అన్నాడట. తర్వాత పక్కనెవరికో ఏదో చెప్పాడు, పటం కదిలింది, ముప్పై ఒక్క చుక్కలూ ఒక్కసారిగా పడమరకి జరగడం మొదలెట్టాయి, గీత దాటాయి, ఇవతలికి వచ్చాయి, ఒక్కొక్కటి వేటగాళ్ళకి దొరకని ఆ సర్కారు పటంలో గీసిన ఒక్కొక్క నీటి అడుగు గుట్ట మీద వాలింది, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, గూళ్ళు వెతుక్కుని వచ్చిన పిట్టల్లా. వాటిని ఇలా అన్నీ ఒక్కచోట తనైనా ఎప్పుడూ చూడలేదు. మామగారివి నాలుగూ దక్షిణాన ఉన్నాయి. ఎంత బావున్నాయి! ఇంత పెద్ద తెర మీద, ఇంత వెలుగులో, అందరి కళ్ళ ముందూ. దేవేంద్ర కళ్ళ ముందూ, అని గుర్తొచ్చి తల తిప్పింది.

దేవేంద్ర లేచి నిలబడి ఉన్నాడు. కుర్చీని రెండు చేతులతో ఎత్తి గోడ వైపు తిప్పి, గోడకి మొహం పెట్టి కూర్చున్నాడు. క్లాసులో శిక్ష పడ్డ పిల్లాడిలా, చేతులు కట్టుకుని, సున్నం వేసిన గోడని చూస్తూ. మెడ వెనక చెమట కాలరు తడిపేసింది. శ్రీహర్షకి అర్థం కాలేదు, ఏమైంది సార్ అన్నాడు. రమాదేవికి అర్థమైంది. అన్నా అని పిలవబోయి, బిస్కెట్ల ప్లేటు ఆయన వైపు కొంచెం జరిపింది.

అపర్ణ ఏదేదో చెబుతోంది, చుక్కల అభ్యంతరం తీసేశారు దీదీ, గురువారం ఉదయం గీత దగ్గర వాళ్ళ ఓడ మన కోస్ట్ గార్డ్ ఓడకి అయిదుగురినీ అప్పగిస్తుంది, కాగితాలు సాయంత్రానికి మెయిల్లో వస్తాయి. గురువారం. ఇవాళ మంగళవారం. పద్నాలుగు నెలలు కాదు, రెండు రోజులు. నాన్నకి చెప్పాలి, పోయి గోడ మీది ఫొటోలో ఉన్నా సరే చెప్పాలి, నీ ఉత్తరం ఇప్పుడు మనిషికన్నా ముందొస్తుంది నాన్నా అని. రెండు చేతులూ ఒళ్ళో కలిపి నొక్కుకుంది, సంతోషం ఇంత నీరసంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

మూడో గడిలో ఖాళీ కుర్చీ నిండింది. గడ్డం పెరిగింది, ఎవరిదో గళ్ళ చొక్కా, మెడ దగ్గర వదులుగా. కెమెరా ఎక్కడుందో తెలియక పైకీ కిందకీ చూస్తున్నాడు, తెలివిగలవాడు. అక్కడెవరో పటం చూపించి ఏదో సైగ చేశారు, అప్పలకొండ చూశాడు, చూసి, బిగుసుకుపోయాడు. “ఒలే రమా,” అన్నాడు మెల్లగా, దేశాలన్నీ వింటున్నా తమిద్దరికే వినబడాలన్నట్టు, “పదేడు సెప్పీసినావేటి?”

“సెప్పీసినాను,” అంది. “తిండి తింతన్నావా?”

అప్పలకొండ మొహం తిప్పుకోలేదు. గడ్డం అదిరింది, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు, తుడుచుకుని, నవ్వాడు. “మంచి పని సేసినావు. పోన్లే. కొత్తంకె పెడదాం. ఈపాలి ఎంత పెడదామంటావు?”

రమాదేవి నోరు తెరిచింది, ఏ అంకె చెప్పేదో ఏమో, అప్పుడే గోడ దగ్గర్నుంచి, గోడ వైపే చూస్తూ, రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ గొంతు పిలిచింది.

“బావా, ఇక్కడ సెప్పకండి. నానింకా గదిలోనే ఉన్నాను.”